రోగలక్షణం చేసే పని

మన కథల్లో పాత్రలకు జబ్బు చేయడం మామూలే. అత్తవారింట కోడలికి మూర్ఛ వస్తుంది. పరీక్ష రేపనగా కుర్రవాడికి కడుపునొప్పి పుడుతుంది. ఉద్యోగం పోయిన గుమాస్తా మంచం దిగడు. రచయిత ఈ జబ్బును ఎక్కువగా రెండు పనులకు వాడుకుంటాడు: పాఠకుడి జాలి సంపాదించడానికి, లేదా ఆగిపోయిన కథను ముందుకు తొయ్యడానికి. విమర్శకులం మనమూ తక్కువ తినలేదు. ఆ పాత్రకు ‘బలహీనుడు’ అనో ‘పలాయనవాది’ అనో ఒక చీటీ అంటించి పేజీ తిప్పేస్తాం. ఆ మూర్ఛ ఆ ఇంట్లో ఏం పని చేస్తోంది? అది రాకపోతే ఆ మనిషి ఏం చెయ్యవలసి వచ్చేది, ఏం చెప్పవలసి వచ్చేది? ఈ ప్రశ్న రచయితా వెయ్యడు, విమర్శకుడూ వెయ్యడు.

ఈ ప్రశ్న వెయ్యడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు మానసిక చికిత్సకులు. నూటపాతికేళ్ళకు పైగా వాళ్ళు తమ దగ్గరకు వచ్చిన మనుషుల లక్షణాల వెనుక ఒక ప్రయోజనం ఉంటుందని, ఆ ప్రయోజనాన్ని పట్టుకోకుండా లక్షణాన్ని మాన్పాలనుకోవడం వృథా అని రకరకాలుగా వాదిస్తూ వచ్చారు. ఈ వాదనలో సాహిత్యకారులు నేర్చుకోదగ్గది చాలా ఉంది. జాగ్రత్త పడవలసిందీ అంతే ఉంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మన ఇళ్ళల్లో మంచం పట్టిన ఆడమనిషి గురించి రెండే అభిప్రాయాలు వినిపిస్తాయి. ‘పాపం, నిజంగానే బాగాలేదు’ అనేది ఒకటి. ‘ఒళ్ళు వంచలేక నాటకాలాడుతోంది’ అనేది రెండోది. మానసిక చికిత్సకుడు ఈ రెండింటినీ కాదంటాడు. జబ్బు నిజం, బాధ నిజం, ఆమె నటించడం లేదు. అయినా ఆ జబ్బు ఆమెకోసం ఒక పని చేస్తోంది, ఆ సంగతి ఆమెకే తెలియదు అంటాడు. ప్రయోజనం వేరు, ఉద్దేశం వేరు. చెయ్యి కాలినప్పుడు వెనక్కి లాక్కుంటాం. ఆ పనికి ప్రయోజనం ఉంది కాని, ఆలోచించి తీసుకున్న నిర్ణయం లేదు. ఈ తేడాను మరిచిపోతే ఇక ముందు చెప్పబోయేదంతా రోగి మీద మోపే నేరంగా మారిపోతుంది. చికిత్సకుల చరిత్రలోనూ అనేకసార్లు అలాగే మారింది.

ఫ్రాయిడ్ ‘డోరా’ అని మారుపేరు పెట్టి రాసిన అమ్మాయి కథనే తీసుకుందాం. 1900 సంవత్సరం చివర్లో వియన్నాలో పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని తండ్రి ఫ్రాయిడ్ దగ్గరకు తీసుకువచ్చాడు. ఆమెకు ఉండుండి గొంతు పోతుంది. దగ్గు పట్టుకుంటే వారాల తరబడి వదలదు. చచ్చిపోతానని రాసిన ఉత్తరం ఒకటి ఇంట్లోవాళ్ళకు దొరికింది. కుటుంబ పరిస్థితి ఇది: తండ్రికి ఒక కుటుంబ స్నేహితుడి భార్యతో సంబంధం ఉంది. ఆ స్నేహితుడు ఈ అమ్మాయి చిన్నతనం నుంచీ ఆమె మీద కన్ను వేశాడు, చెరువు ఒడ్డున ఒకసారి చెయ్యకూడని ప్రస్తావన చేశాడు. ఆమె ఇంట్లో చెప్పింది. అతను అబద్ధమన్నాడు. తండ్రి అతని మాటే నమ్మాడు. తన వ్యవహారానికి ఆ భర్త అడ్డు రాకుండా ఉన్నందుకు ప్రతిఫలంగా తండ్రి తనను అతనికి అప్పగించాడని అమ్మాయికి అనిపించింది.

చెప్పిన మాటను ఎవరూ నమ్మని ఇంట్లో ఒక మనిషి గొంతు పోయింది. సాహిత్య విద్యార్థి ఎవరైనా ఇక్కడ ఆగుతాడు. ఫ్రాయిడ్ కూడా ఆగాడు. జబ్బు వల్ల రోగికి కలిగే లాభం అనే భావనను ఆయన ఈ కేసు రాస్తూనే వివరంగా చర్చించాడు. లోపల రెండు శక్తులు కొట్టుకుంటుంటే ఆ ఘర్షణ నుంచి తాత్కాలికంగా తప్పించడం జబ్బు ఇచ్చే మొదటి లాభం. జబ్బు వచ్చాక దానితో బయట ఒనగూడే సేవ, సానుభూతి, పని నుంచి మినహాయింపు రెండో లాభం. దీనికి ఆయన ఇచ్చిన ఉపమానం ఒక తాపీపనివాడు. ఇంటి మీద నుంచి పడి కాలు విరిగి, వీధి మలుపులో అడుక్కుని బతుకుతున్నాడు. మహిమగల వాడెవరో వచ్చి ఆ కాలు బాగుచేస్తానంటే అతని మొహం ఆనందంతో వెలిగిపోతుందని అనుకోవద్దంటాడు ఫ్రాయిడ్. అవిటికాలే ఇప్పుడతని జీవనాధారం. ఉపమానం గొప్పదే. కాని ఇంటి మీద నుంచి పడ్డ కూలివాడు ఎందుకు అడుక్కోవలసి వచ్చింది, పని ఇచ్చినవాడు ఏమయ్యాడు అనే ప్రశ్న ఆయనకు తట్టలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ అమ్మాయి చెప్పింది నిజమేనని ఫ్రాయిడ్ నమ్మాడు. ఆ మాటకొస్తే ఆమెను నమ్మిన మొదటి పెద్దమనిషి ఆయనే కావచ్చు. కాని జబ్బు ప్రయోజనం ఏమిటంటే తండ్రిని ఆ స్త్రీ నుంచి విడదీయడమని తేల్చాడు. ఆమె ఆరోగ్యం కోసం ఆ స్త్రీని వదిలేస్తానని తండ్రి అంటే వెంటనే నయమైపోతుందని, తండ్రి అలా లొంగకూడదనే తాను ఆశిస్తున్నానని, లొంగితే తన చేతిలో ఎంత పదునైన ఆయుధముందో ఆమెకు తెలిసిపోతుందని ఆమెతోనే చెప్పాడు. పైగా ఆ స్నేహితుడి మీద ఆమెకే లోపల ప్రేమ ఉందని వ్యాఖ్యానించాడు. డిసెంబరు 31న ఆ అమ్మాయి చికిత్సకు స్వస్తి చెప్పి వెళ్ళిపోయింది. చికిత్స సాగింది పదకొండు వారాలే. 1902లో ఒక్కసారి మళ్ళీ కనిపించి ఫ్రాయిడ్‌కు ఒక సంగతి చెప్పింది. ఆ దంపతుల ఇంటికి తనే వెళ్ళి, భార్య చేత ఆ సంబంధాన్నీ, భర్త చేత చెరువు ఒడ్డు సంఘటననూ ఒప్పించానని. జబ్బు చెయ్యలేని పనిని మాట చేసింది. (ఈ అమ్మాయి అసలు పేరు ఇడా బౌవర్. ఆస్ట్రియా సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఒట్టో బౌవర్ ఆమె అన్న.)

ఇక్కడ మనం గ్రహించవలసింది ఒకటుంది. ఫ్రాయిడ్ లక్షణానికి ఒక ప్రయోజనం ఉందని పట్టుకున్నాడు. కాని ఆ ప్రయోజనాన్ని ఎవరి వైపు నిలబడి చదవాలో అక్కడ తడబడ్డాడు. తండ్రి ఇంటి వైపు నుంచి చూస్తే అది బెదిరింపు. అమ్మాయి వైపు నుంచి చూస్తే ఫిర్యాదు. లక్షణం అదే.

ఫ్రాయిడ్‌తో 1911లో తెగతెంపులు చేసుకున్న ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఈ విషయంలో మరో అడుగు వేశాడు. ఆయన మొదట పేదల వైద్యుడు. 1898లో దర్జీ వృత్తివాళ్ళ ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాసి, వాళ్ళ జబ్బులను వాళ్ళు పనిచేసే గదులతో ముడిపెట్టాడు. లక్షణం ఎక్కడ నుంచి వచ్చిందని కాదు, ఎటు పోతోందని అడగాలన్నది ఆడ్లర్ పద్ధతి. రోగిని ఆయన ఒక సాదా ప్రశ్న అడిగేవాడు: ఈ జబ్బు రేపటికల్లా పోతే నువ్వేం చేస్తావు? పెళ్ళి చేసుకుంటానంటే జబ్బు పెళ్ళిని ఆపుతోంది. పరీక్షకు కూర్చుంటానంటే పరీక్ష నుంచి, అందులో తప్పితే కలిగే అవమానం నుంచి కాపాడుతోంది. ఒంటరిగా వీధిలోకి వెళ్ళలేని మనిషి ఇంట్లో ఎవరినో ఒకరిని ఎల్లప్పుడూ తన పక్కన కట్టిపడేస్తాడని కూడా ఆయన గమనించాడు. కథ రాసేవాళ్ళు తమ పాత్రను ఈ ప్రశ్న ఒక్కసారి అడిగి చూస్తే సగం కథ కళ్ళముందు నిలుస్తుంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు తర్కాలను మనం తాత్త్విక చర్చగానే చదవడానికి అలవాటుపడ్డాం. ఆ తర్కాలు సరైనవా కావా అన్నది అలా ఉంచి, అవి అతనికి ఏం చేసిపెడుతున్నాయి, అతన్ని ఏ పని నుంచి తప్పిస్తున్నాయి అని అడిగితే నవల వేరే రంగులో కనిపిస్తుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయాన్నీ అలాగే అడగవచ్చు.

వ్యక్తి ఒక్కడి మనసులో వెతికినంత కాలం ఈ ప్రశ్న ఇంతవరకే నడుస్తుంది. దాన్ని వ్యక్తి దాటి బయటకు ఈడ్చింది మొదటి ప్రపంచయుద్ధం. కందకాల్లో నెలల తరబడి ఫిరంగి దాడులకు గురైన సైనికులు గాయమేమీ లేకుండానే మాట పోయి, కాళ్ళు చచ్చుబడి, కళ్ళు కనపడక ఆసుపత్రులకు రాసాగారు. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు దీనిగురించి ‘షెల్‌షాక్’ అనే పేరుతో వైద్యపత్రికలో రాశాడు. ఫిరంగి అదురుకు మెదడు దెబ్బతిన్నదని మొదట అనుకున్నారు. కాని ఫిరంగుల దరిదాపుల్లో లేనివాళ్ళకూ ఇది వచ్చింది. మరి లక్షణం చేస్తున్న పని ఏమిటి? పారిపోతే తుపాకీతో కాల్చేస్తారు. బ్రిటిష్ సైన్యం తన సైనికులను మూడువందల మందికి పైగా పారిపోయినందుకూ, పిరికితనానికీ కాల్చి చంపింది. (అందులో 306 మందికి 2006లో క్షమాభిక్ష ప్రకటించారు.) ఉంటే శత్రువు చంపుతాడు. పోకూడదు, ఉండకూడదు. ఈ రెండింటి మధ్య కాలు చచ్చుబడింది. పడిపోయిన కాలు పిరికిది కాదు, ద్రోహి కాదు; అయినా యుద్ధానికి పోదు.

డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు ఇందులో ఒక వర్గభేదాన్ని గుర్తించాడు. ఆయన ఆ మాట వాడలేదనుకోండి. మామూలు సిపాయిలకు ఎక్కువగా మాట పోవడం, పక్షవాతం వంటి శరీర లక్షణాలు వచ్చేవి. అధికారులకు పీడకలలు, ఆందోళన, నిద్రలేమి వచ్చేవి. శిక్షణలోని తేడాయే దీనికి కారణమని రివర్స్ అన్నాడు: సిపాయిని ఆజ్ఞకు లొంగేలా తయారుచేస్తారు, అధికారిని భయాన్ని అణుచుకునేలా పెంచుతారు. 1985లో ఎలైన్ షోవాల్టర్ అనే సాహిత్య విమర్శకురాలు దీన్ని మరోలా చదివింది. ఎదురుచెప్పే హక్కు లేనివాడి నాలుకే పడిపోయిందని, ఇంతకుముందు మధ్యతరగతి ఇళ్ళల్లో ఆడవాళ్ళకు వచ్చిన హిస్టీరియాయే యుద్ధంలో మగవాళ్ళకు వచ్చిందని ఆమె చూపించింది. రెండు చోట్లా ఉన్నది కదలడానికి వీల్లేని మనిషే.

లక్షణానికి ప్రయోజనముందని తెలిశాక దాన్ని ఏం చెయ్యాలి? లండన్‌లో లూయీ యీలాండ్ అనే వైద్యుడు మాట పోయిన సైనికుణ్ణి కుర్చీకి కట్టి, తలుపు తాళం వేసి, గొంతుకు కరెంటు పెట్టాడు. నాలుగు గంటల సేపు. చివరికి ఆ యువకుడు మాట్లాడాడు, వైద్యుడికి కృతజ్ఞత కూడా చెప్పాడు. ఈ విజయాన్ని యీలాండ్ 1918లో అచ్చువేసిన తన పుస్తకంలో సగర్వంగా నమోదు చేశాడు. మౌనం ఒక పని చేస్తోందని ఆయనకూ తెలుసు. ఆ పని మానడం కంటే మౌనంగా ఉండడమే ఎక్కువ బాధాకరమయ్యేట్టు చేశాడు, అంతే. రివర్స్ దారి వేరు. ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో ఆయన అధికారులను కూర్చోబెట్టి, మరిచిపోమని కాక, చూసినదాన్ని చెప్పమని అడిగేవాడు. మనిషిగా ఆయన మీద గౌరవం కలుగుతుంది. కాని రివర్స్ దగ్గర నయమైనవాడు మళ్ళీ ఎక్కడికి పోవాలి? యుద్ధానికే. 1917 జూలైలో యుద్ధాన్ని కావాలనే పొడిగిస్తున్నారని బహిరంగంగా ప్రకటించిన కవి సిగ్‌ఫ్రీడ్ ససూన్‌ను సైనిక విచారణకు బదులు ఇదే ఆసుపత్రికి పంపారు. అతనికి జబ్బేమీ లేదు, అతనికున్నది ఒక అభిప్రాయం. మాట పోతే జబ్బు, మాట్లాడినా జబ్బే. ససూన్ చివరికి మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు.

యుద్ధానంతరం ఈ ఆలోచన పలు పాయలుగా చీలింది. అన్నిటినీ ఇక్కడ చెప్పడం సాధ్యం కాదు. బ్రిటన్‌లో డి.డబ్ల్యు. వినికాట్ 1956లో పిల్లల దొంగతనం గురించి ఒక చిత్రమైన మాట అన్నాడు. దొంగతనం చేసే పిల్లవాడిలో ఇంకా ఆశ మిగిలి ఉందన్నాడు. ఒకప్పుడు దక్కి, తర్వాత పోయినదాన్ని లోకం నుంచి తిరిగి రాబట్టుకోవచ్చనే నమ్మకంతోనే వాడు చెయ్యి చాస్తున్నాడని. అమెరికాలో డాన్ జాక్సన్, జే హేలీ, సాల్వడార్ మినూచిన్ వంటివాళ్ళు లక్షణాన్ని కుటుంబంలో పెట్టి చూశారు. తల్లిదండ్రుల తగాదా ముదిరి ఇల్లు విచ్చిపోయే సమయానికి పిల్లవాడికి జబ్బు చేస్తుంది; ఇద్దరూ తగాదా మాని పిల్లవాడి చుట్టూ చేరతారు. జబ్బు ఇల్లు నిలబెడుతోంది. పిల్లవాడికి నయమవుతూంటే ఇంట్లో ఇంకొకరు మంచం పట్టడం వాళ్ళు గమనించారు. ఉమ్మడి కుటుంబాల కథలు రాసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ప్రయోగశాల మనస్తత్వవేత్తలకు అచేతన మనసు మీద నమ్మకం లేదు. అయినా వాళ్ళూ తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చారు. 1982లో అమెరికాలో ఇవాటా బృందం, తలను గోడకేసి కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం వంటి పనులు చేసే ఎదుగుదల లోపమున్న పిల్లలను వేర్వేరు పరిస్థితుల్లో ఉంచి పరిశీలించింది. ఒక పిల్లవాడు పని చెప్పినప్పుడే కొట్టుకుంటాడు. పని ఆపితే ఆపేస్తాడు. మరొకరికి ఎవరైనా దగ్గరకొచ్చి వద్దు వద్దని బుజ్జగించడమే కావాలి. చూడ్డానికి చేష్ట ఒకటే, చేసే పనులు వేరు. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకు వేసి, అలాంటి కొందరు పిల్లలకు ‘నాకు అర్థం కావడం లేదు’ అని చెప్పడం నేర్పారు. ఆ వాక్యం వచ్చాక చేష్ట తగ్గింది. లక్షణం చేసే పనిని భాష చేయగలిగితే లక్షణం అవసరం తగ్గుతుందన్న సంగతి ఇంత పొడిగా, ఇంత స్పష్టంగా ఫ్రాయిడ్ కూడా చూపలేదు. కాని ఒక షరతు ఉంది. ఆ వాక్యం విని సాయం చెయ్యడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. వినేవాడు లేనిచోట వాక్యం నేర్పి లాభం లేదు. డోరాకు మాట లేక కాదు గొంతు పోయింది.

ఇంతదాకా వచ్చాక ఉత్సాహం ఎక్కువై ప్రతి జబ్బులోనూ ప్రయోజనం వెతికే ప్రమాదముంది. రచయితలకు ఈ తెగులు తొందరగా అంటుకుంటుంది. కడుపులో పుండు తల్లి ప్రేమకోసం, ఎవరైనా తినిపించాలనే అణగారిన కోరిక వల్ల వస్తుందని ఫ్రాంజ్ అలెగ్జాండర్ వంటి మానసిక విశ్లేషకులు చాలాకాలం నమ్మబలికారు. ఎంత అందమైన వివరణ! 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు ఆ పుండ్లలో ఎక్కువభాగానికి కారణం ఒక బాక్టీరియా అని కనిపెట్టారు. మందు వేస్తే తగ్గిపోతుంది. 2005లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమని 1940ల చివరి నుంచి కొందరు మానసిక వైద్యులు చేసిన వాదన అంతకంటే ఎక్కువ హాని చేసింది. బిడ్డ జబ్బుతో కుమిలిపోతున్న తల్లులను దోషులుగా నిలబెట్టింది. ఆ వాదనకు ఆధారాలు నిలవలేదు. ప్రతి లక్షణమూ ఏదో చెబుతుందనుకోవడం కూడా మూఢనమ్మకమే.

మన ఊళ్ళల్లో పూనకం చూడనివాళ్ళుండరు. మామూలు రోజుల్లో మామగారి ఎదుట తల ఎత్తని కోడలు పూనకంలో ఆయన్నే పేరుపెట్టి పిలిచి, పట్టుచీరా సారా అడుగుతుంది, ఆయన చేతులు కట్టుకుని వింటాడు. ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1971లో రాసిన గ్రంథంలో, ప్రధానంగా ఆఫ్రికా సమాజాల ఆధారంగా, బలహీనులు తమ కోర్కెలను దేవతల నోట చెప్పించే చాటుమాటు పద్ధతిగా పూనకాన్ని వివరించాడు. తర్వాతి పరిశోధకులు ఇది మరీ లెక్కకట్టిన వివరణ అని ఆక్షేపించారు. నమ్మకాన్ని ఉత్త ఎత్తుగడగా కుదించడం కూడా ఒక అవమానమే అన్న వాళ్ళ అభ్యంతరంలో బలముంది. 1970లలో మలేషియాలోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకు ఉన్నట్టుండి పూనకాలు వచ్చేవి. సూక్ష్మదర్శినిలో దయ్యం కనబడిందని కేకలు వేసేవారు. ఒకరి నుంచి ఇంకొకరికి పాకి పని నిలిచిపోయేది. యాజమాన్యం దానికి ‘మాస్ హిస్టీరియా’ అని పేరు పెట్టి, మంత్రగాడిని పిలిపించి శాంతి చేయించేది. ఐహ్వా ఆంగ్ 1987లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ఫ్యాక్టరీ క్రమశిక్షణకు ప్రతిఘటనగా చదివింది. ప్రతిఘటనే, ఒప్పుకుంటాను. కాని అది సమ్మె కాదు. అది ఏ కోర్కెల పత్రమూ ఇవ్వలేదు. యంత్రం కొద్దిసేపు ఆగింది, అమ్మాయి మళ్ళీ అదే బల్ల ముందు కూర్చుంది. లక్షణాన్ని కేవలం బలహీనతగా చూసే విమర్శకుడు ఎంత తప్పు చేస్తాడో, దాన్ని తిరుగుబాటుగా కీర్తించే విమర్శకుడూ అంతే తప్పు చేస్తాడు.

ఈ ప్రశ్నలన్నీ ఒకచోట పోగుపడ్డ ఆసుపత్రి ఒకటుంది. అల్జీరియాలోని బ్లిడా-జాయిన్‌విల్. 1953 నుంచి 1956 దాకా ఫ్రాంజ్ ఫానన్ అక్కడ మానసిక వైద్యుడు. స్వాతంత్ర్య యుద్ధం సాగుతోంది. హింసకు గురైనవాళ్ళూ, హింసించినవాళ్ళూ ఆయన దగ్గరకు వచ్చారు. వాళ్ళ వివరాలను 1961లో వెలువడిన తన చివరి పుస్తకంలో రాశాడు. ఒకడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఖైదీలను గంటల తరబడి చిత్రహింసలు పెట్టడం అతని ఉద్యోగం. కొంతకాలంగా ఇంట్లో చిన్న చప్పుడైనా భరించలేకపోతున్నాడు, పసిపిల్లలను కూడా కొడుతున్నాడు. ఒక సాయంత్రం భార్య మందలిస్తే ఆమెను కుర్చీకి కట్టి కొట్టాడు. జబ్బుకు కారణం తన ఉద్యోగమేనని అతనికి స్పష్టంగా తెలుసు. ఆ ఉద్యోగం మానే ఆలోచన మాత్రం లేదు. అంతరాత్మ పోటు లేకుండా, ఇంట్లో గొడవ లేకుండా, ప్రశాంతంగా ఖైదీలను హింసించగలిగేలా తనను బాగుచెయ్యమని అతను డాక్టరుని అడిగాడు.

అతని శరీరంలో ఇంకా మనిషిగా మిగిలి ఉన్నది ఆ లక్షణమొక్కటే. అతను తీసెయ్యమన్నది దాన్నే.

అదే ఆసుపత్రి ఆవరణలో మరో సంఘటన జరిగింది. రాత్రిళ్ళు ఖైదీల అరుపులు వినబడి నిద్రపట్టని ఇంకో పోలీసువాడికి ఫానన్ తన ఇంట్లోనే చికిత్స చేసేవాడు. ఒకరోజు అతను ముందుగా వచ్చి, డాక్టరు ఇంట్లో లేకపోవడంతో ఆవరణలో తిరుగుతున్నాడు. ఫానన్ తిరిగి వచ్చేసరికి చెట్టుకు ఆనుకుని, చెమటలు పట్టి వణుకుతున్నాడు. దారిలో ఒక రోగి ఎదురయ్యాడట. అతను పోలీసుస్టేషన్లో హింసలు పడినవాడు, ఈ పోలీసువాడే అందులో పాల్గొన్నాడు. ఫానన్ ఇతనికి మందిచ్చి పంపి, ఆ రెండోవాడు ఉండే వార్డుకు వెళ్ళాడు. సిబ్బంది ఏమీ గమనించలేదు. రోగి మాత్రం కనబడలేదు. వెతగ్గా వెతగ్గా మరుగుదొడ్డిలో దొరికాడు, ప్రాణం తీసుకోబోతూ. తనను మళ్ళీ స్టేషనుకు తీసుకుపోవడానికే ఆ పోలీసువాడు వచ్చాడని అతను అనుకున్నాడు. అదంతా భ్రమేనని, ఆసుపత్రిలోకి పోలీసులు రాలేరని అతన్ని నమ్మించడానికి వైద్యులకు చాలా రోజులు పట్టింది.